నీళ్ళు తాగని చేను

రామాంజినమ్మ పుట్టిల్లు మడకశిర పక్క పల్లె. అక్కడి నేల ఎర్రగా ఉంటుంది, ఇసుక కలిసి ఉంటుంది, రాత్రి వాన కురిస్తే పొద్దున్నే చెప్పులేసుకొని నడవొచ్చు. మెట్టినిల్లు యాడికి దగ్గర, కనుచూపు మేర నల్లరేగడి. సంబంధం కుదిర్చిన పెద్దమనిషి పెళ్ళికొడుకు బయ్యన్న గుణం చెప్పాడు, ఎద్దుల జత గురించి చెప్పాడు, ఇంటి మిద్దె గురించి చెప్పాడు. నేల సంగతి మాత్రం ఆయనా చెప్పలేదు, వీళ్ళూ అడగలేదు.

డెబ్బై ఒకటో సంవత్సరం ఎండాకాలంలో పెళ్ళయింది. కాపురానికి వచ్చిన నాలుగు రోజులకు అత్త ఓబులమ్మ కోడల్ని చేను చూపించడానికి తీసుకుపోయింది. గట్టు దాటగానే రామాంజినమ్మ ఆగిపోయింది. చేనంతా నెర్రెలు. ఒక్కో నెర్రెలో మనిషి పాదం అడ్డంగా దిగిపోయేంత వెడల్పు. వంగి చూస్తే లోపల చీకటి తప్ప అడుగు కనపడలేదు.

"ఏమ్మే, ఆడనే నిలబడినావు?" అంది ఓబులమ్మ, అప్పటికే చేను మధ్యకు పోయి.

"భూమి పగిలిపోయిండాది అత్తా. కాలు పడితే?"

"పడితే తీసుకోవల్ల. నా పెండ్లి నాటి నుంచి పడతానే ఉండాది, నేను తీసుకుంటానే ఉండాను."

ఓబులమ్మ మాట ఎప్పుడూ అలాగే ఉండేది. మొగుడు పోయాక ఒక్క కొడుకునీ పెట్టుకొని ఆ చేను నడిపిన మనిషి. మాటలో బెల్లం ఉండదు గానీ, కోడలు కంచంలో రొట్టె అయిపోయిందో లేదో చూడకుండా తాను చేయి కడుక్కునేది కాదు.

తొలకరి పడ్డ మర్నాడు రామాంజినమ్మ ఎవరికీ చెప్పకుండా చేనికి బయలుదేరింది. పుట్టింట్లో వాన పడితే ఇంట్లో ఎవరూ కూర్చోరు. ఇక్కడ అత్తా మొగుడూ ఇంటి అరుగు మీద తీరిగ్గా కూర్చోవడం ఆమెకు సిగ్గనిపించింది. చేన్లో పది అడుగులు వేసేసరికి కాళ్ళకు మన్ను పట్టుకుంది. ఇంకో నాలుగు అడుగులకు ఆ మన్నుకు మన్ను అంటుకుంది. కాలు ఎత్తితే సగం చేను పైకి వస్తున్నట్టు ఉంది. ఒక చెప్పు బురదలోనే ఉండిపోయింది, రెండోది చేత పట్టుకొని ఇల్లు చేరింది. వాకిట్లో ఓబులమ్మ ఆమెను చూసి నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది. తర్వాత కోడల్ని మెట్టు మీద కూర్చోబెట్టి, పగిలిన బండ ముక్కతో ఆ కాళ్ళకు అంటిన మన్నంతా గీకి తీసింది.

"తడి మీద రేగట్లోకి పోకూడదు మే. తొక్కిన చోట ఎండితే ఇటుకైపోతాది. నువ్వు పాడు చేసిందేమీ ల్యా, నీ కాళ్ళు చిన్నవి" అంది.

నిజంగానే ఆమె తొక్కిన బాట ఎండాక గట్టిపడింది. పై మన్ను గుల్ల చేసే గుంటక తోలుతున్న బయ్యన్న అక్కడికి వచ్చినప్పుడల్లా గుంటక ఎగిరిపడేది. సాయంత్రం ఇంటికొచ్చి, "చేన్లో నీ అడుగులు అట్లనే అచ్చు పడిపోయినాయి. యాడ పోయినావో, యాడ తిరుక్కున్నావో అంతా కనపడతాండాది" అనేవాడు. ఆమె తల వంచుకొని నవ్వేది.

ఆ ఏడంతా ఆమెకు ఒకటే దిగులు. పుట్టింట్లో వాన పడితే చాలు, చెనిక్కాయలు విత్తేస్తారు. ఇక్కడ మూడు వానలు పడినా విత్తనం మాటెత్తరు. గుంటక తోలతారు, మళ్ళీ వాన పడితే మళ్ళీ తోలతారు. చివరికి ఉండబట్టలేక మొగుణ్ణి అడిగింది.

"మా నాయన ఈపాటికి కలుపు గూడ తీసింటాడు. మీరేమి, పండగ లెక్క కూర్చోనుండారు?"

"మీ నాయన నేల వాన పడిందంటే పైపైన తాగి వదిలేస్తాది. ఈ నేల అట్ల కాదు. నిదానంగా తాగి లోపల పెట్టుకుంటాది. హింగారి వానల దాకా దానికి తాపల్ల, ఆమీట విత్తల్ల" అన్నాడు బయ్యన్న.

ఆమె నమ్మలేదు. దసరా అయ్యాక హింగారి వానలు దిగితే జొన్న విత్తారు. దీపావళికి ఒక వాన పడింది. అంతే, తర్వాత చుక్క లేదు. సంక్రాంతి దగ్గర పడుతున్నా వాన లేకుండా జొన్న భుజాల ఎత్తు నిలబడి ఉండడం చూసి ఆమెకు మతి పోయింది. ఓబులమ్మ చేను మధ్యలో కూర్చొని చేత్తోనే ఇంత లోతు తవ్వి, అడుగు మన్ను తీసి కోడలి అరచేతిలో పెట్టింది. చల్లగా, తడిగా ఉంది. రామాంజినమ్మ దాన్ని పిడికిలి పట్టి చాలాసేపు అలాగే ఉంచుకుంది.

ఆ తర్వాత ఆమెకు రేగడి మీద మనసు పడింది. ఎప్పుడు గుంటక తోలాలో, పైరు మధ్య నెర్రెలు విచ్చుకుంటే దంతె తిప్పి ఎలా పూడ్చాలో, పూడ్చకపోతే లోపలి తేమంతా ఆవిరై వేళ్ళు ఎలా తెగిపోతాయో అన్నీ నేర్చుకుంది. మన్ను పిడికిట పట్టి ఉండ చేసి కిందికి వదిలితే, ఆ ఉండ పగిలి పొడిపొడిగా విడిపోవాలి. చితికి అంటుకుంటే తడి ఎక్కువ, గుండులా ఉండిపోతే ఎండిపోయినట్టు. అత్త చెప్పిన ఈ పరీక్ష చూడనిదే ఆమె మొగుణ్ణి ఎద్దులు కట్టనిచ్చేది కాదు. డెబ్బై రెండులో కరువొచ్చి మడకశిర పక్క పైర్లన్నీ మాడిపోయినప్పుడు ఆమె నాయన కూతురింటికి వచ్చాడు. చేన్లో నిలబడి ఆ నల్లమన్ను వైపు చాలాసేపు చూశాడు. తిరిగి పోయేటప్పుడు జొన్నల మూటతో పాటు ఒక మన్ను గడ్డ కూడా టవల్లో కట్టుకొని పోయాడు, ఊళ్ళో వాళ్ళకు చూపిస్తానని.

ఇంట్లో తిండి జొన్న రొట్టె, కొర్రన్నం. వరన్నం పండగలకు. ఓబులమ్మ ఒక్కోసారి తింటూ తింటూ, "సచ్చేలోగా మన చేన్లో పండిన వరికూడు ఒక ముద్ద తినల్ల అనుండాది నాకు" అనేది. అని మళ్ళీ రొట్టె తుంచుకొనేది. అది కోరిక అని కూడా ఎవరూ అనుకోలేదు, మాటవరుసకు అన్నట్టే అనేది. కానీ బయ్యన్న చెవిలో అది పడుతూ ఉండేది.

డెబ్బై ఏడులోనో ఎనిమిదిలోనో ఊరికి కరెంటు లైను వచ్చింది. బయ్యన్న చేను పల్లంలో బావి తవ్వించాడు. రేగడి దిగి, సుద్ద దిగి, రాయి పగలగొట్టాక నీళ్ళు పడ్డాయి. ఊరంతా చూడ్డానికి వచ్చింది. నీళ్ళు నోట్లో పోసుకున్నవాళ్ళు కొంచెం జారుడుగా ఉన్నాయన్నారు, ఉప్పు చవ్వగా ఉన్నాయన్నారు. ఎవరూ దాన్ని పెద్ద సంగతి చేయలేదు. ఆ నీళ్ళు తెచ్చి పప్పు పెడితే పొయ్యి మీద పెట్టిందే తడవుగా మెత్తగా ఉడికిపోయింది. బట్టలకు సబ్బు రాస్తే నురగ పొంగింది. ఇంత మంచి నీళ్ళు చుట్టుపక్కల లేవని ఆడవాళ్ళు బిందెలు పట్టుకొని వచ్చేవాళ్ళు.

బావి కింది చేను మళ్ళు కట్టి వరి నాటారు. బయ్యన్న పొద్దున లేస్తే మోటారు దగ్గరే. ఆ నల్లటి నేల మీద పచ్చటి మడి చూసి, దారిన పోయే బండ్లు కూడా ఆగేవి. పంట బాగా వచ్చింది. కొత్త వడ్లు దంచి ఆ రోజు రామాంజినమ్మ అన్నం వండింది. అన్నం కాస్త పసుపు రంగు తిరిగింది, నీళ్ళ గుణం అనుకుంది. ఓబులమ్మ పీట మీద కూర్చొని, మొదటి ముద్ద ఉత్తదే, కూర కలపకుండా నోట్లో పెట్టుకుంది.

"ఉప్పేమన్నా కావల్లనా అత్తా?"

"ఏమీ వద్దు. మాట్లాడొద్దు, తిననీ."

ఆమె తింటున్నంతసేపూ బయ్యన్న తన కంచంలో చేయి పెట్టలేదు. తల్లినే చూస్తూ కూర్చున్నాడు.

రెండో పంట అన్నం కూడా ఓబులమ్మ తింది. ఆ తర్వాతి ఎండాకాలంలో జ్వరం వచ్చి, ఎక్కువ బాధ పడకుండానే పోయింది.

మూడో పంటకు నారు వేసినప్పటి నుంచే తేడా తెలిసింది. నాటిన నారు పచ్చబడక ఆకుల కొనలు ఎండి ఎర్రబారాయి. మడిలో నీళ్ళు పెడితే ఇంకవు, పాలు కలిపినట్టు బురదబురదగా అలాగే నిలబడతాయి. ఆరిపోయాక పైన బండలాంటి పొర. దాని మీద అక్కడక్కడా నూనె ఒలికినట్టు నల్లటి మరకలు, గట్ల పక్కన తెల్లటి పొంగు. బయ్యన్న నీళ్ళు చాలలేదేమోనని ఇంకా ఎక్కువ పెట్టాడు. నాలుగో పంట సగానికి సగం పోయింది. వరి మాని జొన్న వేస్తే మొలకే రాలేదు. మడక కట్టి దున్నితే బారెడు గడ్డలు పైకి లేచేవి, కొడితే పగలవు, వానకు నానితే జిగురు. ఎద్దుల మెడలు పుండ్లు పడ్డాయి.

ఒక పొద్దున ఊళ్ళో బట్టలు ఉతికే ఆంజినమ్మ గంప చంకన పెట్టుకొని వాకిట్లోకి వచ్చింది. రామాంజినమ్మకు ఆమె ఈడుదే, మంచి స్నేహం.

"అక్కా, మీ బావిచేన్లో ఇంత సౌడు మన్ను తీసుకొందునా? వంకలోదాని కంటే అది బాగుండాది. మురికి ఇట్టే ఇడుస్తాది" అంది.

ఆమె మంచి మాటే అడిగింది. గట్ల మీద పొంగిన తెల్లమన్నుతో బట్టలు నానబెట్టి ఉతకడం ఆ ఊళ్ళో పాత అలవాటు. ఆ మన్ను పంటకు పనికిరాని వంక ఒడ్డున దొరుకుతుంది. రామాంజినమ్మ "తీసుకో ఆంజినమ్మా" అంది గానీ, లోపలికి పోయి పొయ్యి ముందు కూర్చుంటే చేతులాడలేదు. అత్త చేత్తో తవ్వి, తడిమన్ను తీసి తన చేతిలో పెట్టిన చేను అదే. ఇప్పుడు బట్టలుతకడానికి పనికొస్తుందని మెచ్చుకుంటున్నారు.

మరుసటి ఎండాకాలం ఇంకో మాట వచ్చింది. నారాయణప్ప అనే పెద్ద రైతు బండి కట్టుకొని వచ్చి, మిద్దె మీదికి చౌడు కావాలని బయ్యన్నను అడిగాడు. అక్కడి మిద్దెల మీద బండలు పరిచి చౌడుమన్ను కప్పుతారు. ఎంత వాన పడ్డా ఆ మన్ను ఒక్క చుక్కను కిందికి దిగనివ్వదు. బయ్యన్న బండి నిండా తానే పారతో ఎత్తి పోశాడు. నారాయణప్ప పోయాక గట్టు మీద కూర్చుండిపోయాడు. కూడు తీసుకొచ్చిన పెళ్ళాంతో, "మిద్దె మీద ఉండాల్సిన మన్ను మన చేన్లో ఉండాది. ఇంగ ఇదేమి తాగుతాది, ఏమి పండుతాది" అన్నాడు.

ఆ వారంలోనే అతను తాడిపత్రి పోయి బండల ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. నాపరాళ్ళు కోసి నునుపు పెట్టే పని. వారానికోసారి ఇంటికి వచ్చేవాడు. అప్పటికి బడికి పోతున్న ఇద్దరు పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకొనేవాడు, పెళ్ళాం ఏం చెప్పినా వినేవాడు, చేను వైపు మాత్రం పోయేవాడు కాదు. ఎగువన మిగిలిన కొంచెం మెట్టలో రామాంజినమ్మ ఎద్దులకు మనిషిని పెట్టుకొని జొన్న పండించేది. ఒకసారి అతను, "ఆ బావి పూడ్చేస్తా. దాని వల్లనే అంతా అయింది" అన్నాడు.

"పూడ్చొద్దు" అంది ఆమె.

"ఎందుకు?"

"మీ యమ్మ ఆ నీళ్ళకు పండిన కూడు తినింది. తిన్నపుడు ఆమె మొగం నువ్వూ చూసినావు, నేనూ చూసినాను. మోటారు ఆపేస్తే సాలు. బావి ఏమి చేసింది?"

అతను మోటారు ఆపేశాడు. బావి పూడ్చలేదు.

ఎనభై రెండులో వ్యవసాయ శాఖ నుంచి గంగాధరప్ప అనే ఉద్యోగి ఊరికి వచ్చాడు. సైకిల్ మీద ఊళ్ళు తిరిగే మనిషి, సన్నగా, ఎండకు నల్లబడి ఉంటాడు. రామాంజినమ్మ చేను చూసి, నాలుగు చోట్ల మన్ను తీసుకున్నాడు, బావి నీళ్ళు సీసాలో పట్టుకున్నాడు. కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చి అరుగు మీద కూర్చొని సంగతి చెప్పాడు.

"మీ బావి నీళ్ళలో సోడా ఉప్పు ఎక్కువ ఉందమ్మా. రేగడి మన్ను దాన్ని వదలకుండా పట్టుకుంటుంది. అప్పుడు మన్ను రేణువులు ఒకదానితో ఒకటి కలిసి ఉండవు, విడిపోయి పిండి బురదై సందులన్నీ మూసేస్తాయి. నీళ్ళు దిగవు, గాలి ఆడదు. కారుచౌడు అంటారే, అది."

"దానికి మందుందా సారూ?"

"ఉంది. జిప్సం అని తెల్లపొడి. అది వేసి కలియదున్నాలి. దాంట్లో ఉండే సున్నం సోడాను పక్కకు తోసి ఆ చోట తాను కూర్చుంటుంది. తోసేసిన సోడాను వాననీళ్ళు కిందికి కడిగి తీసుకుపోవాలి. అందుకని చేను చుట్టూ గట్లు వేసి వాననీళ్ళు నిలబెట్టాలి, పల్లంలో వంకలోకి కాలవ తీయాలి. బావి నీళ్ళు మాత్రం ఆ చేనికి మళ్ళా పెట్టొద్దు."

రామాంజినమ్మ నమ్మకం లేనట్టు చూసింది. "తెల్లగా పొంగి సచ్చిన చేనికి మళ్ళా తెల్లపొడే ఎయ్యమంటాండావు."

గంగాధరప్ప నవ్వాడు. "నేను చదువుకునేటప్పుడు మా సార్‌ను ఇదే అడిగినానమ్మా."

ఆమెకు పొడి మీద గురి లేదు, గొర్రెల మీద ఉంది. పుట్టింటి నుంచి తమ్ముడు ఈరన్న మేత కోసం మందను తోలుకొని ఆ పక్కకే వచ్చి ఉన్నాడు. గొర్రెల మంద కొన్నాళ్ళు పడుకుంటే ఏ నేలైనా బాగవుతుందని ఆమె ఎరిగిన సంగతి. చివరికి ఒక ఒప్పందానికి వచ్చింది. వంక వైపు సగం గంగాధరప్ప చెప్పినట్టు, బావి వైపు సగం తనకు తెలిసినట్టు. ఒక సగంలో జిప్సం చల్లి దున్నించి, కాలవ తీయించి, గట్లు పోయించింది. ఇంకో సగంలో ఈరన్న మందను నిలిపింది.

ఆ ఏడు వానలు మోసం చేశాయి. గట్ల మధ్య నిలబడ్డానికి నీళ్ళే రాలేదు. గొర్రెల సగంలో అక్కడక్కడా గడ్డి పచ్చగా లేచింది. జిప్సం సగం ఎట్లా ఉన్నది అట్లాగే, బండలా ఉంది. గంగాధరప్ప సైకిల్ వాకిట్లో ఆగగానే రామాంజినమ్మ మొహమాటం లేకుండా అనేసింది.

"నీ పొడి కంటే మా గొర్రె పెంట్రిక మేలప్పా. ఊరంతా నన్ను చూసి నగతాండారు."

గంగాధరప్ప కోపం తెచ్చుకోలేదు. ఆమె ఇచ్చిన మజ్జిగ తాగి, లోటా కింద పెట్టి, "మందు వేసినాం గానీ నీళ్ళు తాపలేదు కదమ్మా. అది యాడికీ పోదు, మన్నులోనే ఉంటుంది. ఇంకొక్క వాన చూడు" అన్నాడు. ఆమె లోటా తీసుకొని లోపలికి పోయింది. అతను పోయాక, ఆ మాట అనకుండా ఉండాల్సిందని మనసులో కొంచెం గుచ్చుకుంది.

మరుసటి ఏడు సెప్టెంబరులో వాన మొదలైంది. బంగాళాఖాతంలో వాయుగుండమని రేడియోలో చెప్పారట. అనంతపురం నేల మీద అలాంటి వాన ఎప్పుడో గానీ పడదు. తెరిపి లేకుండా పడి, ఒక మధ్యాహ్నం ఆగింది. రామాంజినమ్మ గోనెసంచి తల మీద వేసుకొని చేనికి పోయింది. లోపలికి దిగలేదు, గట్టు మీదే నిలబడి చూసింది. రెండు సగాలూ చెరువులా నిండి ఉన్నాయి. బురదనీళ్ళు. ఏమీ తేడా లేదు.

ఆమె వెనక్కి వచ్చింది. రెండు రోజులాగి మళ్ళీ పోయింది. ఈసారి చూసింది. గొర్రెల సగంలో నీళ్ళు అలాగే ఉన్నాయి, టీ రంగులో, కదలకుండా. వంక వైపు సగంలో నీళ్ళు తేటపడి, సగానికి తగ్గిపోయాయి. ఇంకో రోజుకు అక్కడ నీళ్ళే లేవు. ఆమె గట్టు మీదే కూర్చొని, చేయి చాచి అంచున మన్నులోకి వేళ్ళు గుచ్చింది. వేళ్ళు దిగాయి. మణికట్టు దిగింది. చేయి బయటికి తీసి ఆ మన్నును చూసింది. తడిగా, నల్లగా ఉంది. బంకలా సాగడం లేదు, రవ్వరవ్వగా విడిపోతోంది.

కాలవ దగ్గరికి పోయి చూస్తే సన్నటి ధార వంకలోకి పడుతోంది. దోసిట పట్టి నాలుకకు తగిలించింది. చేదుగా, సబ్బులా జారుతూ ఉంది. ఉమ్మేసి, చీర కొంగుతో నోరు తుడుచుకొని, అక్కడే నిలబడి ఏడ్చింది. ఎందుకు ఏడ్చిందో ఆమెకే సరిగ్గా తెలియలేదు. చేను లోపల ఇన్నేళ్ళూ పేరుకొన్నది బయటికి పోతోంది, అంతే తెలిసింది.

మర్నాడు ఆంజినమ్మ తాడిపత్రిలో ఉన్న కూతుర్ని చూడ్డానికి బస్సెక్కుతుంటే రామాంజినమ్మ పరుగున పోయి కిటికీ దగ్గర నిలబడింది.

"ఆంజినమ్మా, బండల ఫ్యాక్టరీ కాడికి పోయి ఆయప్పకు ఒక మాట చెప్పు."

"ఏమని చెప్పల్ల?"

"చేను నీళ్ళు తాగతాండాది అని చెప్పు. ఇంకేమీ వద్దు."

ఆంజినమ్మ ఆ మాటను అలాగే తీసుకుపోయింది. బయ్యన్న రాళ్ళ మిషను దగ్గర ఉన్నాడు. ఒంటి నిండా తెల్లటి దుమ్ము, కనురెప్పల మీద కూడా. మాట విని ఒక నిమిషం అర్థం కానట్టు చూశాడట. మళ్ళీ చెప్పమన్నాడట. సాయంత్రం బస్సుకు ఊళ్ళో దిగి, ఇంటికి రాకుండా నేరుగా చేనికి పోయాడు.

రామాంజినమ్మకు ఎవరో చెబితే ఆమె కూడా పోయింది. అప్పటికి పైతడి కొంచెం ఆరింది. బయ్యన్న చెప్పులు విప్పి చేన్లోకి దిగి ఉన్నాడు. గొంతుక్కూర్చొని మన్ను తీసి పిడికిట నలుపుతున్నాడు, వదులుతున్నాడు, మళ్ళీ తీస్తున్నాడు. ఆమె వచ్చిన సంగతి తెలిసి తలెత్తకుండానే అన్నాడు.

"నేనుండుంటే ఈ పొడి ఎయ్యనిచ్చేవాణ్ణి కాదు."

"నాకూ నమ్మకముండి ఎయ్యలేదులే."

"మరెందుకేసినావు?"

"ఊరికే ఎట్ల చూస్తా కూర్చోవల్ల? ఏదో ఒగటి చెయ్యల్ల కదా" అంది.

బయ్యన్న ఆమె వైపు చూశాడు. మొహం మీది దుమ్మంతా చెమటకు చారలు కట్టి ఉంది. ఆమె కొంగు తడిపి తుడవబోతే, ఎవరన్నా చూస్తారని సిగ్గుపడుతూనే తుడవనిచ్చాడు.

రెండో సగానికి కూడా జిప్సం తెచ్చారు. ఈసారి పొడితో పాటు గొర్రెల మందను కూడా నిలిపారు, తొలకరికి జీలుగ చల్లి పూత మీద నేలలోకి దున్నేశారు. ఇది గంగాధరప్పే చెప్పాడు. జిప్సం దారి తెరుస్తుంది గానీ, నేలకు తిండి పెట్టేది ఎరువూ ఆకూనే అన్నాడు. "గొర్రెలు మేలన్నావు కదమ్మా, ఆ మాట అబద్ధమేమీ కాదు" అని కూడా అన్నాడు. రామాంజినమ్మకు అప్పుడు నిజంగా సిగ్గేసింది. ఆ రోజు అతన్ని తినకుండా పోనివ్వలేదు. పొయ్యి మీద నుంచి దించినవి దించినట్టు రొట్టెలు కంచంలో వేస్తూనే ఉంది. అతను చాలని చేయి అడ్డం పెడితే, ఆ చేతి మీదే ఇంకో రొట్టె పెట్టింది.

బయ్యన్న ఒక్కసారిగా ఫ్యాక్టరీ పని మానలేదు. ఇంకో ఏడాదికి పైగా అటూ ఇటూ తిరిగాడు. ఎనభై ఐదు హింగారికి వంక వైపు సగంలో జొన్న విత్తారు. విత్తే గొర్రు అతను పట్టాడు, జడ్డిగంలో గింజలు ఆమె పోసింది. మొలక వచ్చింది. కొన్నిచోట్ల ఒత్తుగా, కొన్నిచోట్ల బోడిగా, అతుకుల బొంతలా ఉంది చేను. కానీ వచ్చింది. వెన్ను వేసేటప్పటికి అతను తాడిపత్రిలో లెక్క చూసుకొని, పెట్టె తీసుకొని ఇంటికి వచ్చేశాడు. మళ్ళీ పోలేదు.

పంట వచ్చిన సంగతి తెలిసి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి చౌడు పట్టిన రైతులు అడగడానికి వచ్చేవాళ్ళు. బయ్యన్న వాళ్ళను పెళ్ళాం దగ్గరికే పంపేవాడు. ఆమె దాచకుండా చెప్పేది. "మొదటి ఏడు ఏమీ కనపడదప్పా. తెచ్చిచ్చినోణ్ణి తిట్టుకుంటారు, నేనూ తిట్టినాను. వాన పడేదాకా ఓర్చుకోవల్ల. అట్లని అంతా బాగైపోతాది అని నేను చెప్పను. మా బావి పక్క మూల ఇంకా మొండికేసే ఉండాది, పోయి చూడండి." వాళ్ళు పోయి చూసేవాళ్ళు. అక్కడ ఇప్పటికీ వాన పడితే నీళ్ళు నిలుస్తాయి. ఆ మూలలో బయ్యన్న ఏటా జీలుగ చల్లుతాడు, అది మోకాలెత్తు కూడా లేవదు, అయినా దున్నేస్తాడు.

గంగాధరప్పకు వేరే జిల్లాకు బదిలీ అయింది. వెళ్ళేముందు చెప్పడానికి వస్తే బయ్యన్న సైకిల్ వెనక జొన్నల మూట కట్టాడు. వద్దన్నా వినలేదు.

ఆ తర్వాతి ఏళ్ళలో బయ్యన్నకు ఒక అలవాటైంది. పని ఉన్నా లేకున్నా పొద్దు వాలేవేళకు చేనికి పోతాడు, దీపాలు పెట్టే వేళకు వస్తాడు. రామాంజినమ్మ పొయ్యి దగ్గర నుంచే అడుగుతుంది.

"ఏమి చేసొచ్చినావు?"

"ఏమీ ల్యా. ఊరికే చూసొచ్చినా."

"ఎట్లుండాది?"

"ఉండాది" అంటాడు కాళ్ళు కడుక్కుంటూ. ఆమె రొట్టె తట్టడం మొదలుపెడుతుంది.